పచ్చికట్టెల పొయ్యీ, సిమెంటు బట్టీ

పిల్లలూ! మీ ఇంటి పెరట్లో ఎక్కడైనా నాపరాతి ముక్క పడి వుంటే ఒక చిన్న పని చేసి చూడండి. ఆ రాతిని మేకుతో గట్టిగా గీకండి. రాలిన పొడి మీద నాలుగు చుక్కలు నిమ్మరసం పిండండి. సన్నని బుడగలు లేస్తాయి. ఇంట్లో పరిచిన బండల మీద మాత్రం యీ ప్రయోగం చెయ్యకండి. మచ్చ పడుతుంది. ఆ తరవాత మీ అమ్మగారు ఏమన్నా నా పూచీ లేదు!

ఆ బుడగల్లో వున్నది బొగ్గుపులుసు వాయువు. రాతిలో గాలి దాగి వుండటం ఏమిటని మీకు ఆశ్చర్యం కలగవచ్చు. నిజానికి 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాతిలో 44 కిలోలు యీ వాయువే! తక్కిన 56 కిలోలే సున్నం. నిమ్మపులుసు తగిలితే కొంచెం కొంచెంగా బయటపడే యీ వాయువు, బట్టీలో పెట్టి దాదాపు 900 డిగ్రీల వేడి చేస్తే మొత్తం వెళ్ళిపోతుంది.

పల్నాడు జిల్లాలో, కృష్ణానదికి దగ్గరగా, నాగులేటి ఒడ్డున దాచేపల్లి అనే వూరున్నది. చుట్టూ పత్తి చేలు, మిరప తోటలు. మాఘ ఫాల్గుణాల్లో వెళ్ళి చూస్తే కల్లాల మీద మిరపకాయలు ఎర్రని దుప్పటి పరిచినట్టు వుంటాయి. కాని యీ నేల తవ్వితే తగిలేది సున్నపురాయి. దాచేపల్లిలోనూ, పక్కనున్న పిడుగురాళ్ళలోనూ సున్నపు బట్టీలు చాలాకాలంగా వున్నాయి. బట్టీలో ఒక వరస బొగ్గు, ఒక వరస రాయి పేర్చి కాలుస్తారు. కాలిన రాయి మీద నీళ్ళు పోస్తే అది కుతకుత వుడికి, విచ్చి, పిండి అవుతుంది. (అప్పుడు పిల్లలు దగ్గరకు పోకూడదు. ఒక్క చిటికెడు కంట్లో పడినా చూపుకే ప్రమాదం.)

మీ తాతగారి తాతగారు ఇల్లు కట్టినప్పుడు సిమెంటు లేదు. సున్నం, ఇసుక కలిపి ఎద్దులు లాగే గానుగలో రుబ్బి, కొన్నిచోట్ల బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కూడా చేర్చి గోడలు కట్టేవారు. సిమెంటు వచ్చాక గానుగలు ఆగిపోయాయి. మరి బట్టీలు కూడా ఆరిపోవాలి గదా? ఆరిపోలేదు. సున్నానికి వేరే కొనుగోలుదార్లు దొరికారు. చెరుకురసంలో మడ్డి తీయటానికి చక్కెర మిల్లులకు సున్నం కావాలి. కాగితపు మిల్లులకు కావాలి. రొయ్యల చెరువులకు కావాలి. సరుకు అదే, వాడేవాళ్ళు మారారు.

కాని ఇవాళ నేను చెప్పబోయేది సున్నం కథ కాదు. అదే రాతితో సిమెంటు చేసేవారి కథ, ఆ సిమెంటు చేసే యంత్రాలను కట్టేవారి కథ. వాళ్ళకు కొనేవాళ్ళు మారటంతో సరిపోలేదు. బట్టీనే మార్చుకోవలసి వచ్చింది.

సిమెంటు అంటే ఏమిటి? సున్నపురాతిని కొంత బంకమట్టితో కలిపి మెత్తగా నూరి, సున్నపు బట్టీ కంటె చాలా ఎక్కువగా, సుమారు 1450 డిగ్రీల దాకా కాల్చాలి. అప్పుడు సున్నమూ మట్టీ సగం కరిగి, ఒకదానితో ఒకటి కూడి, గోలీల వంటి నల్లని వుండలు అవుతాయి. వీటిని క్లింకరు అంటారు. క్లింకరును కొంచెం జిప్సంతో కలిపి పిండి పడితే అదే సిమెంటు. 1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనే తాపీపనివాడు ‘పోర్ట్‌లాండ్ సిమెంటు’ అని పేరు పెట్టి హక్కు పత్రం తీసుకున్నాడు. మన దేశంలో 1914లో పోరుబందరులో సిమెంటు తయారీ నిలదొక్కుకున్నది.

ఇందులో కష్టమంతా కలపటంలో వున్నది. రాయీ మట్టీ ప్రతి గుప్పెట్లోనూ ఒకే పాళ్ళలో వుండాలి. లేకపోతే ఒక బస్తా గట్టిగా వుంటుంది, ఇంకో బస్తాతో కట్టిన గోడ బీటలు వారుతుంది. అందుకని పూర్వపు ఇంజనీర్లు ఒక సులభమైన ఉపాయం పట్టారు. రాతిని నీళ్ళు పోసి నూరటం! మీ అమ్మగారు ఇడ్లీ పప్పు రుబ్బేటప్పుడు చూశారు గదా, నీళ్ళుంటే రుబ్బటం తేలిక, కలపటం తేలిక. అట్లా తయారయిన రాతిజావను పెద్ద తొట్లలో కలియదిప్పి, 150 మీటర్లకు మించి పొడవుండే ఇనుప గొట్టంలోకి పంపేవారు. ఆ గొట్టమే బట్టీ. కొంచెం వాలుగా పడుకుని మెల్లగా గిర్రున తిరుగుతూ వుంటుంది. పై కొసన జావ పోస్తారు, కింది కొసన బొగ్గుపొడి మంట. దీన్ని తడి పద్ధతి అన్నారు.

అంతా బాగానే వున్నది. మరి ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి? ఆవిరై పోవాలి. ఎవరు ఆవిరి చెయ్యాలి? బట్టీలోని మంటే చెయ్యాలి!

లెక్క వేసి చూద్దాం. రాతిజావలో మూడోవంతు పైగా నీళ్ళు. 1 టన్ను క్లింకరు తయారయ్యేలోపల దాదాపు 800 కిలోల నీరు మరిగి పోవాలి. అంటే ఇంచుమించు 50 బిందెల నీళ్ళు! ఏ వంటకూ కాదు, ఏ స్నానానికీ కాదు, వూరికే పొగగొట్టంలోంచి పోవటానికి. వానాకాలంలో పచ్చికట్టెలు పొయ్యిలో పెడితే ఏమవుతుందో మీ నాయనమ్మగారిని అడగండి. కట్టె మండటం మొదలుపెట్టే ముందు దాని తడి ఆరాలి. సగం కట్టె, తక్కిన సగాన్ని ఆరబెట్టటానికే కాలిపోతుంది.

ఇంజనీర్లు వేడిని కిలో కాలరీలలో కొలుస్తారు. 1 కిలో నీటిని 1 డిగ్రీ వేడి చెయ్యటానికి పట్టేది 1 కిలో కాలరీ. తడి పద్ధతిలో 1 కిలో క్లింకరుకు 1300 కిలో కాలరీలు, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువే పట్టేవి. రాతిని పొడిగానే నూరి కాల్చగలిగితే 800 చాలు. తేడా చూశారా?

అంత తేడా వుంటే అందరూ వెంటనే పొడి పద్ధతికి మారిపోయి వుంటారని మీరనుకుంటారు. మారలేదు. 1960లో కూడా మన దేశపు సిమెంటులో నూటికి 90 వంతులకు పైగా తడి పద్ధతిదే. వాళ్ళు తెలివితక్కువవాళ్ళని తొందరపడి అనకండి. బొగ్గు చవక. జావ బాగా కలుస్తుంది. యంత్రాలు బాగా నడుస్తున్నాయి. పనివాళ్ళకు అలవాటయింది. నడుస్తున్న యంత్రాన్ని చేతులారా పక్కన పెట్టటం ఎంత కష్టమో, ఇంట్లో పాత సైకిలు అమ్మటానికి ఒప్పుకోని నాన్నగారు వున్న పిల్లలకు తెలుసు.

అటువంటి రోజుల్లో పల్నాటిలోనే ఒక సంస్థ ఎదురు దారి పట్టింది.

దాచేపల్లి దగ్గర నడికుడి జంక్షనులో రైలెక్కి గురజాల, రెంటచింతల దాటితే మాచర్ల వస్తుంది. (రెంటచింతల ఎండలు మీరు వినే వుంటారు. అక్కడి ఎండకే రాయి కాలితే బాగుండును, బొగ్గు ఖర్చు తప్పేది!) మాచర్లలో కె.సి.పి. కంపెనీ వారు 1958లో సిమెంటు ఫాక్టరీ పెట్టారు. ఈ కంపెనీని స్థాపించిన వెలగపూడి రామకృష్ణగారు ఐ.సి.ఎస్. ఉద్యోగం చేసి, పరిశ్రమల్లోకి వచ్చిన మనిషి. 1941లో కృష్ణాజిల్లా ఉయ్యూరు చక్కెర మిల్లుతో మొదలుపెట్టారు. చక్కెర చేసేవారు సిమెంటులోకి రావటమే ఒక సాహసం. అందులోనూ వాళ్ళు మాచర్లలో పెట్టినది పొడి పద్ధతి బట్టీ! జర్మనీకి చెందిన హంబోల్ట్ వారి విధానం. మన దేశంలో యీ పద్ధతిని చేపట్టిన తొలి ఫాక్టరీలలో ఇది ఒకటి. ఆ ప్రాంతంలోనే, 1955లో పునాదిరాయి పడిన నాగార్జునసాగర్ ఆనకట్ట పని అప్పుడు జోరుగా సాగుతున్నది. సిమెంటు అవసరం ఎంత వుండేదో మీరే వూహించుకోండి.

హంబోల్ట్ బట్టీలో కొత్త ఏమిటంటే, బట్టీ పక్కన నిలబడే ఎత్తయిన గోపురం. అందులో ఒకదాని మీద ఒకటిగా నాలుగు అంతస్తుల్లో పెద్ద పెద్ద గరాటుల వంటి గదులుంటాయి. కింద బట్టీలోంచి వచ్చే వేడిగాలి పైకి ఎగబాకుతుంది. నూరిన రాతిపొడిని పైనుంచి వదులుతారు. గాలి ఆ పొడిని ఎత్తుకుపోయి గరాటులో గిరగిర తిప్పుతుంది. తడిసిన గొడుగును తిప్పితే చుక్కలు బయటికి చిమ్ముతాయి చూశారా? అట్లాగే పొడి అంచులకు కొట్టుకుని, జారి, కింది అంతస్తులోకి పడుతుంది. అక్కడ ఇంకా వేడిగా వున్న గాలి దాన్ని పట్టుకుంటుంది. మళ్ళీ సుడి, మళ్ళీ జారుడు. ఇట్లా నాలుగుసార్లు. చేతికి గోరువెచ్చగా తగిలే పొడి, నిమిషం తిరక్కుండానే దాదాపు 800 డిగ్రీలకు చేరి బట్టీలో పడుతుంది. వెయ్యి డిగ్రీల దగ్గర బయలుదేరిన గాలి పైకి చేరేసరికి సుమారు 350 డిగ్రీలు మిగుల్చుకుంటుంది. తక్కినదంతా పొడికి ఇచ్చేసిందన్నమాట. అందుకని బట్టీ పొడవు కూడా సగానికి తగ్గింది.

అంత తొందరగా ఎట్లా వేడెక్కిందంటారా? శనగపిండి వేయించటానికి ఎంతసేపు పడుతుంది, నిండు గుమ్మడికాయ లోపలిదాకా వేడెక్కటానికి ఎంతసేపు పడుతుంది? పొడిలో ప్రతి రేణువునూ వేడిగాలి నలువైపులా తాకుతుంది. రహస్యమంతా అదే.

ఈ ఉపాయానికి 1930లలోనే చెకొస్లొవేకియాలో హక్కు పత్రం తీసుకున్నారు. కాని నిజంగా ఫాక్టరీలో నడిచింది 1950ల మొదట, జర్మనీలో. మాచర్లకు వచ్చేనాటికి దాని వయసు పదేళ్ళు కూడా లేదు. కొత్త యంత్రం అంటే కొత్త చిక్కులు. నీళ్ళు లేకుండా పొడిని సమంగా కలపటం ఎట్లా? దీనికి ఇంజనీర్లు గాదె అడుగునుంచి గాలి వూదే పద్ధతి కనిపెట్టారు. అడుగునుంచి గాలి పోతుంటే ఎంతటి పొడి కుప్పయినా నీళ్ళలాగా కదిలి కలుస్తుంది. ఇక రెండో చిక్కు దుమ్ము. పొగగొట్టంలోంచి ఆ మెత్తని పొడి బయటపడితే చుట్టుపక్కల చేల గతి ఏమిటి? కల్లాల్లో ఆరే మిరపకాయల మీద తెల్లని దుమ్ము పేరుకుంటే ఎవరు కొంటారు? గుడ్డసంచుల వడపోతలూ, విద్యుత్తుతో దుమ్మును లాగే పెట్టెలూ సిమెంటు ఫాక్టరీలకు తప్పనిసరి అయినది అందుకే. తమాషా ఏమిటంటే, అట్లా పట్టిన దుమ్ము కూడా రాతిపొడే. దాన్ని తిరిగి బట్టీలోకే పంపుతారు. రైతుకు నష్టం తప్పింది, ఫాక్టరీకి సరుకు దక్కింది.

తరవాత ఏమైంది? 1973లో ప్రపంచమంతా చమురు ధర ఒక్కసారిగా పెరిగింది. ఇంధనం చవక అనే రోజులు పోయాయి. తడి పద్ధతి ఫాక్టరీలవారికి అప్పుడు తెలిసింది 50 బిందెల నీళ్ళ ఖరీదు. కొందరు పొడవాటి బట్టీని కోసి పొట్టి చేసి, పక్కన గోపురం కట్టించుకున్నారు. కొందరు మూసేశారు. నేడు మన దేశంలో దాదాపు అన్ని ఫాక్టరీలూ పొడి పద్ధతివే.

ఇక యంత్రాలు కట్టేవారి మాట. చక్కెర మిల్లులో పెద్ద చక్రం పన్ను ఒకటి విరిగిందనుకోండి. పూర్వం కొత్త చక్రం సీమనుంచి ఓడలో రావాలి. కాని నరికిన చెరుకు ఓడ కోసం ఆగదు. ఒక రోజు గడిచేసరికే దానిలో చక్కెర తగ్గటం మొదలవుతుంది. మన చక్రం మనమే పోతపోసుకోగలిగితే? కె.సి.పి. వారు 1955లో మద్రాసు పక్కన తిరువొత్తియూరులో పెద్ద యంత్రశాల పెట్టారు. అక్కడ చక్కెర మిల్లుల యంత్రాలు, తరవాత సిమెంటు ఫాక్టరీల యంత్రాలు తయారయ్యాయి. తమకే కాదు, అడిగిన ఇతర కంపెనీలకు కూడా. ఇది నాకు చాలా నచ్చిన సంగతి. యంత్రాన్ని వాడేవాడికి దాని జబ్బులన్నీ తెలుస్తాయి. ఎక్కడ అరుగుతుందో, ఎక్కడ పగులుతుందో రాత్రిపూట లేచి చూసినవాడికి తెలిసినట్టు, బొమ్మ గీసినవాడికి తెలియదు.

ఇంతవరకూ చెప్పినవి యంత్రాల మార్పులు. వ్యాపారపు మార్పులు కూడా యీ ప్రాంతాన్ని తక్కువగా కుదపలేదు.

మీ తాతగారిని అడగండి, ఆయన ఇల్లు కట్టుకునే రోజుల్లో సిమెంటు ఎట్లా కొన్నారో. దుకాణానికి పోయి డబ్బిస్తే చాలేది కాదు. పర్మిట్ కావాలి! సిమెంటు ధర, పంపకం ప్రభుత్వం చేతిలో వుండేవి. ఎంత చేసినా అమ్ముడుపోతుంది, ఎట్లా చేసినా ధర అదే. అటువంటప్పుడు బొగ్గు ఆదా చెయ్యాలని ఎవరికి తొందర? 1982లో ప్రభుత్వం పట్టు కొంత సడలించింది. 1989లో పూర్తిగా వదిలింది. ఇక ఎవరు చవకగా, మంచిగా చేస్తే వాళ్ళదే గెలుపు. ఆ రోజుల్లో చాలాచోట్ల మినీ సిమెంటు ఫాక్టరీలు పుట్టుకొచ్చాయి. సున్నపు బట్టీలాగా నిలువుగా వుండే చిన్న బట్టీలు వాటివి. పెద్దవాటితో పోటీ పడలేక వాటిలో చాలా భాగం ఆరిపోయాయి.

దాచేపల్లి దగ్గర కృష్ణ దాటితే అవతల వాడపల్లి, దాని పక్కన విష్ణుపురం. సిమెంటు పరిశ్రమలో పేరుపొందిన బి.వి.రాజుగారి రాశి సిమెంట్స్ వారి ఫాక్టరీ అక్కడ వున్నది. 1998లో ఇండియా సిమెంట్స్ వారు దాన్ని కొన్నారు. గోపురం పైకి చేరిన గాలిలో 350 డిగ్రీలు మిగిలి వుంటాయని చెప్పాను, గుర్తున్నదా? ఆ మిగిలిన వేడితో నీటిని మరిగించి, ఆవిరితో చక్రం తిప్పి, కరెంటు తీసే యంత్రాన్ని 2004లో జపాను వారి సహాయంతో విష్ణుపురంలో పెట్టారు. దాని శక్తి 7.7 మెగావాట్లు. మన దేశపు సిమెంటు ఫాక్టరీల్లో ఇటువంటివాటికి ఇది తొలి ఉదాహరణలలో ఒకటి. ఇక 2024 చివర ఇండియా సిమెంట్స్‌నే అల్ట్రాటెక్ వారు తీసుకున్నారు. గేటు మీద పేర్లు మారుతున్నా గోపురం మాత్రం అట్లాగే నిలబడి వున్నది.

ఇవతలి ఒడ్డున, దాచేపల్లి మండలంలోనే శ్రీదుర్గాపురం. అక్కడ ఆంధ్రా సిమెంట్స్ వారి దుర్గా సిమెంటు ఫాక్టరీ వున్నది. ఆ కంపెనీ 1936 నాటిది. అప్పుల్లో చిక్కి, బట్టీ ఆగిపోయి, చివరకు దివాలా విచారణలో 2023లో సాగర్ సిమెంట్స్ వారి చేతికి వచ్చింది. మళ్ళీ పని మొదలైంది.

‘బట్టీ ఆగిపోయింది’ అని రెండు మాటల్లో రాశాను గాని, అది అంత తేలిక సంగతి కాదు. బాగా వేడెక్కి వున్న ఇనుప గొట్టాన్ని ఒక్కసారి ఆపకూడదు. తన బరువుకు తానే వంగిపోతుంది. చల్లారేదాకా మెల్లగా తిప్పుతూనే వుండాలి. యంత్రానికి ఇంత జాగ్రత్త వున్నది. దాన్ని నమ్ముకున్న ఫిట్టర్లకు, లారీ డ్రైవర్లకు, గేటు ముందు టీ కొట్టు పెట్టుకున్నవాళ్ళకు అంత మెల్లగా చల్లారే వీలు వుండదు. జీతం ఒకనాడు ఆగితే ఆగినట్టే. ఫాక్టరీ వేళకు మారకపోతే నష్టపడేది దాని యజమాని ఒక్కడే కాదు.

మారినప్పుడు కూడా ఎవరో ఒకరి విద్య పాతబడుతుంది. పాత ఫాక్టరీల్లో బట్టీ మేస్త్రీ అని ఒకాయన వుండేవాడు. నీలిరంగు అద్దంలోంచి మంటను చూసి, క్లింకరు ఉడికిందో లేదో రంగును బట్టి చెప్పేవాడు. నేడు ఆ పని గదిలో కూర్చుని తెర మీద అంకెలు చూసి చేస్తారు. ఐతే ఆ మేస్త్రీల విద్య వూరికే పోలేదు. 1980 ప్రాంతంలో డెన్మార్కులో ఎఫ్.ఎల్.స్మిత్ కంపెనీ వారు బట్టీని నడిపే కంప్యూటరును తయారు చేసేటప్పుడు, మేస్త్రీలు పాటించే సూత్రాలనే దానికి నేర్పారు. ‘మంట కొంచెం ఎర్రబడితే బొగ్గు కొంచెం పెంచు’ అనే తరహా మాటలు! ‘కొంచెం’ అంటే ఎంతో యంత్రానికి చెప్పటానికే వాళ్ళకు చాలా శ్రమ పట్టిందట.

ఇప్పుడు మొదటికి వద్దాం. 100 కిలోల రాతిలో 44 కిలోల బొగ్గుపులుసు వాయువు. నీళ్ళు తీసేసినా, మిగిలిన వేడితో కరెంటు చేసినా, ఆ 44 కిలోలు మాత్రం ఆకాశంలోకి పోతూనే వున్నాయి. భూమి వేడెక్కటానికి ఆ వాయువు ఒక కారణం. కాబట్టి ఇంజనీర్ల ముందు ఇప్పుడున్న ప్రశ్న వేరు. రాతినే తక్కువగా కాల్చి సిమెంటు చెయ్యగలమా? థర్మల్ కరెంటు ఫాక్టరీల్లో మిగిలే బొగ్గు బూడిదను నూటికి 35 పాళ్ళ దాకా కలిపి సిమెంటు చేస్తున్నారు. ఒకనాడు ఎక్కడ పారబొయ్యాలో తెలియని బూడిద అది. తక్కువ వేడిలో కాల్చిన బంకమట్టినీ, అసలు కాల్చని సున్నపురాతి పొడినీ కలిపే మరో సిమెంటుకు మన దేశంలో 2023లో ప్రమాణం కూడా ఏర్పడింది.

మీ వీధిలో ఎక్కడైనా ఇల్లు కడుతుంటే ఖాళీ సిమెంటు సంచి ఒకటి తీసి చదవండి. పి.పి.సి. అనే అక్షరాలుంటే దానిలో బూడిద కలిసిందని అర్థం. ఏ వారం, ఏ సంవత్సరం తయారైందో కూడా అచ్చువేసి వుంటుంది. ఏ వూళ్ళో తయారైందో చూడండి. పల్నాటి వూరు పేరు కనిపించినా ఆశ్చర్యం లేదు.